పోలీసు విచారణలో ఉత్తరం పోయి ఎస్సెమ్మెస్ వచ్చింది: మిగిలింది ఎవరికి, ఖర్చయింది ఎవరికి?

కోనసీమ_కొబ్బరి
మా చిన్నమ్మాయి పాస్‌పోర్టు విషయంలో జరిగినది ముందు చెప్పి, తరువాత నా ప్రశ్న అడుగుతాను. దరఖాస్తును పక్క పట్టణంలోని ఒక నెట్ సెంటరులో పెట్టించాము. అక్కడి అబ్బాయి ఈ-మెయిల్ గడిలో తన సెంటరు చిరునామానే నింపాడు; ఫోను నంబరు మాత్రం అమ్మాయిది ఇచ్చాడు. పాస్‌పోర్టు సేవాకేంద్రంలో పని గంటలోపే ముగిసింది. తరువాత విచారణ చేయవలసిన కానిస్టేబులు గారు అమ్మాయికి రెండు రోజుల్లో మూడుసార్లు ఫోను చేశారట. తెలియని నంబరు, ఎత్తగానే "పోలీసు స్టేషను నుంచి మాట్లాడుతున్నాము" అన్న గొంతు. డిజిటల్ అరెస్టు మోసాల గురించి కళాశాలలో అంతకు ముందు వారమే హెచ్చరించి ఉండడంతో అమ్మాయి మొదటిసారి పెట్టేసింది, మిగిలిన రెండుసార్లు ఎత్తనే లేదు. దరఖాస్తుదారు ఇచ్చిన చిరునామాలో లేరని నివేదిక వెళ్లిపోయింది. దానిపై వివరణ కోరుతూ వచ్చిన నోటీసు నెట్ సెంటరు వారి మెయిల్‌లో 40 రోజులు పడి ఉంది. మాకు తపాలాలో ఏదీ రాలేదు.

ఇప్పటికి రెండుసార్లు ప్రాంతీయ కార్యాలయానికి తిరిగాము. బస్సు, బస, భోజనం కలిపి 4,600 రూపాయలు అయ్యాయి. పని ఇంకా కాలేదు. నా ప్రశ్న ఇది: విచారణ ఉత్తరప్రత్యుత్తరాలను ఫోను మీదికి, మెయిల్ మీదికి మార్చడం వల్ల ప్రభుత్వానికి ఎంత మిగిలింది, ఆ మిగులులో ఎంత భాగం మా బోటి వారి జేబులోంచి వచ్చింది?

తమాషా_తాత
నలభై రోజులు ఆ నోటీసును పదిలంగా దాచినందుకు నెట్ సెంటరు వారు అద్దె అడగలేదు, సంతోషించండి.

ట్యాంక్‌బండ్_కుర్రాడు
మీకు జరిగినది అన్యాయమే. అయినా ఆ ఒక్క కేసును చూపి పాత పద్ధతే మేలనడం సరి కాదని నా అభిప్రాయం. 1990లలో మా నాన్నగారి పాస్‌పోర్టుకు ఐదు నెలలు పట్టింది. అందులో మూడున్నర నెలలు ఆ కాగితాలు ఏ బల్ల మీద ఉన్నాయో ఎవరూ చెప్పలేకపోయారు. నా విషయంలో సేవాకేంద్రానికి వెళ్లిన మూడో రోజున కానిస్టేబులు గారు ట్యాబ్‌తో ఇంటికి వచ్చారు, పత్రాలు చూశారు, ఫొటో తీశారు, పది నిమిషాల్లో వెళ్లిపోయారు. టీ ఇస్తామన్నా వద్దన్నారు. తెలంగాణ పోలీసులు ఈ విచారణ కోసం వెరిఫాస్ట్ యాప్ తెచ్చాక ఇక్కడ చాలామంది అనుభవం ఇదే. కాగితం ఎక్కడ ఆగిందో తెలియకపోవడంలోనే లంచానికి చోటుండేది. ఆ ఖర్చును కొబ్బరి గారు లెక్కలో వేసుకోలేదు.

ఎస్‌బీ_మాజీ
పోలీసు శాఖ స్పెషల్ బ్రాంచిలో చాలా ఏళ్లు ఈ విచారణ పనే చేసి పదవీ విరమణ పొందినవాడిగా రెండు వైపులా చెప్పగలను. పూర్వం దరఖాస్తుదారు వివరాల ఫారాలు పాస్‌పోర్టు కార్యాలయం నుంచి కట్టలుగా ఎస్పీ కార్యాలయానికి టపాలో వచ్చేవి. అక్కడ ఇన్‌వర్డు నంబరు వేసి మాకు పంచేవారు. మేము ఊరికి వెళ్లి, ఇరుగుపొరుగు ఇద్దరిని అడిగి, స్టేషనులో క్రైమ్ రికార్డు చూసి, నివేదిక రాసి మళ్లీ అదే దారిలో వెనక్కి పంపేవాళ్లం. వర్షాకాలంలో ఒక కట్ట తడిసి, ఇరవై మంది ఫొటోలు ఒకరివి ఒకరికి అంటుకుపోయిన సంగతి నాకు గుర్తుంది. కాబట్టి పాత రోజులను మరీ బంగారం చేయవద్దు.

అయితే అప్పుడు మేము ఊరికి వెళ్లడం తప్పనిసరి. ఫోను లేదు కనుక వెతుక్కుంటూ వెళ్లేవాళ్లం. ఇంట్లో మనిషి లేకపోతే, వస్తే స్టేషనుకు రమ్మని పక్కింటివారికి చెప్పి వచ్చేవాళ్లం. ఇప్పుడు ముందు ఫోను చేస్తారు, ఎత్తకపోతే కొన్నిచోట్ల అక్కడితోనే ఆగిపోతారు. దానికి ఒక కారణం ఉంది. నివేదిక 21 రోజుల్లో అందితే విదేశాంగ శాఖ రాష్ట్ర పోలీసులకు ఒక్కోదానికి 150 రూపాయలు ఇస్తుంది, దాటితే 50 రూపాయలే. ఆ డబ్బు కానిస్టేబులు జేబులోకి రాదు, కానీ 21 దాటిన ఫైళ్ల జాబితా మాత్రం నెలవారీ సమావేశంలో అతని ముందుకు వస్తుంది. దొరకని మనిషి కోసం నాలుగోసారి తిరగడం కన్నా "చిరునామాలో లేరు" అని ముగించడం తేలిక అవుతుంది. గడువు పెట్టింది మంచికే. గడియారం మాత్రం ఒకవైపే తిరుగుతోంది.

ఇంకొక మాట అడగాలి. అమ్మాయి నిజంగా ఆ చిరునామాలోనే ఉంటోందా?

కోనసీమ_కొబ్బరి
ఎస్‌బీ మాజీ గారూ, మీరు సరైన చోటే వేలు పెట్టారు. అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుతోంది, సెలవులకు ఇంటికి వస్తుంది. ప్రస్తుత చిరునామాగా ఇంటినే ఇచ్చాము. హాస్టలు చిరునామా ఇవ్వాలని నెట్ సెంటరులో ఎవరూ చెప్పలేదు.

ఎస్‌బీ_మాజీ
అలాగైతే నివేదిక పూర్తిగా అబద్ధం అనలేము. నిజంగా ఉంటున్న చోటునే ప్రస్తుత చిరునామాగా చూపాలి. ఆ తేడాను దరఖాస్తు నింపే దశలోనే ఒక మనిషి అడిగి ఉంటే సరిపోయేది. పూర్వం ఆ ప్రశ్నను మా వంటివారు గుమ్మం దగ్గర అడిగేవారు, ఇప్పుడు తెర అడుగుతోంది. తెర అడిగినదానికి జవాబు చెప్పేది నెట్ సెంటరు అబ్బాయి.

లెక్కల_పద్దు
ప్రశ్న ఖర్చు గురించి కనుక అంకెల్లోకి దిగుదాం. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబరు 1 నుంచి అమలైన ధరల ప్రకారం 50 గ్రాముల లోపు ఉత్తరానికి స్థానికంగా 19 రూపాయలు, ఊరు దాటితే 47 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తే 55 రూపాయల 46 పైసలు. సాధారణ 36 పేజీల పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. అంటే వివరణ నోటీసును మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపితే ఆ ఫైలుపై రుసుములో 3.7 శాతం ఖర్చవుతుంది. పైగా నోటీసు అందరికీ వెళ్లదు, ప్రతికూల నివేదిక వచ్చిన కొందరికే వెళ్తుంది. మొత్తం దరఖాస్తులపై పరిస్తే అది రూపాయల్లో కూడా ఉండకపోవచ్చు. కొబ్బరి గారికి అయిన 4,600 రూపాయలు అలాంటి 83 ఉత్తరాల ఖరీదు.

ఆ పాస్‌పోర్టు పుస్తకాన్ని మాత్రం నేటికీ స్పీడ్ పోస్టులోనే పంపుతారు. విలువైన వస్తువుకు తపాలాను నమ్మేవారు, విలువైన నోటీసుకు నమ్మకపోవడం నాకు అర్థం కాదు.

ట్యాంక్‌బండ్_కుర్రాడు
పద్దు గారి లెక్కలో తపాలా బిళ్ల మాత్రమే ఉంది. ఉత్తరాన్ని అచ్చు వేసి, మడిచి, అంటించి, చిరునామా సరిచూసి, తిరిగి వచ్చిన కవర్లను ఫైలులో పెట్టే గుమాస్తా జీతం ఎక్కడ ఉంది? ప్రభుత్వంలో ఉత్తరం ఖరీదు ఎప్పుడూ ఉత్తరం కాదు, దాని చుట్టూ తిరిగే మనుషులు.

లెక్కల_పద్దు
ఒప్పుకుంటున్నాను. ఆ అంకె నా దగ్గర లేదు కనుక వేయలేదు. అయితే యాప్ చుట్టూ తిరిగే మనుషులు కూడా ఉంటారు కదా. ట్యాబ్ పాడైతే బాగు చేసేవారు, సర్వరు ఒప్పందాలు, ప్రతి బదిలీ తరువాత కొత్త కానిస్టేబులుకు శిక్షణ, ఇవన్నీ ఏ ఏటికి ఆ ఏడు పెట్టవలసిన ఖర్చులే. ఒకసారి కొంటే ముగిసే ఖర్చుగా వీటిని చూపించే అలవాటు మన కార్యాలయాల్లో ఉంది.

జగిత్యాల_గల్ఫ్
కువైట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా వాళ్లకు పాస్‌పోర్టు కన్నా పోలీసు క్లియరెన్సు పత్రంతో ఎక్కువ పని పడుతుంది. ఇంటి దగ్గర దరఖాస్తు చేస్తే రుసుము 500 రూపాయలే, కానీ మా వైపు ఏజెంట్లు దానికి నాలుగైదు రెట్లు తీసుకుంటారు. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసుల్లోని సేవాకేంద్రాల్లో కూడా దీనికి స్లాటు దొరకడంతో కొంత ఊరట వచ్చింది, ఆ మేలు కాదనను.

మా ఇబ్బంది వేరు. సెలవు ముగించి ఇక్కడికి రాగానే ఇండియా సిమ్ రీఛార్జి లేక ఆగిపోతుంది. కొన్ని నెలల తరువాత ఆ నంబరు ఇంకెవరికైనా వెళ్లవచ్చు. మా తమ్ముడి ఫైలులో ఉన్న నంబరుకు విచారణ కోసం ఫోను చేస్తే ఎత్తినవారు ఎవరో గుంటూరు ఆయన. తనకు ఏ దరఖాస్తూ తెలియదని ఆయన నిజమే చెప్పారు. దాంతో ఫైలు ఆగింది. ఇంటికి ఒక కాగితం వచ్చి ఉంటే మా అమ్మ ఎవరిచేతైనా చదివించుకుని నాకు చెప్పేది. ఫోను నంబరు మారుతుంది, మా ఇల్లు అక్కడే ఉంటుంది.

తమాషా_తాత
ఆ గుంటూరు ఆయనకు మీ తమ్ముడి పేరిట క్లియరెన్సు రాలేదు కదా, అదే పదివేలు.

పల్లెటూరి_పంతులమ్మ
ఇంతవరకు ఎవరూ చెప్పని ఖర్చు ఒకటి ఉంది. నా విచారణ సమయంలో ఒక ఉద్యోగి తన సొంత వాట్సాప్ నంబరు ఇచ్చి ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, ఫొటో అందులో పంపమన్నారు. యాప్ ఉండగా ఇదెందుకని అడిగితే, సిగ్నలు లేదని, తరువాత ఎక్కిస్తానని అన్నారు. పని మర్యాదగానే చేశారు. నివేదిక వెళ్లిన రెండు నెలల తరువాత కూడా నా స్టేటస్ చూసినవారి పేర్లలో ఆయన పేరు కనిపించింది. ఒక శుభోదయం సందేశం కూడా వచ్చింది. నేను బ్లాకు చేశాను, ఫిర్యాదు చేసే ధైర్యం చేయలేదు, ఎందుకంటే ఆ ఊళ్లోనే ఉద్యోగం చేయాలి. పాత ఫారంలో కూడా నా ఫొటో ఉండేది, కానీ అది స్టేషను బీరువాలో ఉండేది, ఒకరి జేబులో కాదు.

ఎస్‌బీ_మాజీ
పంతులమ్మ గారూ, అది తప్పే, సమర్థించను. కారణం మాత్రం చెబుతాను. ట్యాబ్ మీద పని చేయమని చెప్పి, డేటాకు ఇచ్చేది చాలనప్పుడు మనిషి తన సొంత ఫోను తీస్తాడు. శాఖ అక్కడ మిగుల్చుకున్న డబ్బు ఎంతో గానీ, మీ ఫొటో ఒక ప్రైవేటు ఫోనులో చేరింది. యాప్ నిజంగా ఆధునికమైతే ఉద్యోగి నంబరు మీకు, మీ నంబరు ఉద్యోగికి కనిపించకుండా మధ్యలో ఒక స్టేషను నంబరు నుంచి కాల్ కలపాలి.

టెక్సాస్_తెలుగు
ఈ చర్చకు ఇక్కడి ఉదాహరణ ఒకటి సరిగ్గా సరిపోతుంది. అమెరికా ప్రభుత్వోద్యోగుల నేపథ్య విచారణ పత్రాలు చాలావరకు ఓపీఎం అనే ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల సంస్థ కంప్యూటర్లలో ఉండేవి. 2015లో అవి దొంగల పాలైనట్టు బయటపడింది. విచారణ ఫైళ్లలోనే 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు, 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. ఆ ఫారాల్లో మనిషి అప్పులు, చికిత్సలు, బంధువులు, పక్కింటివారు అన్నీ ఉంటాయి.

నేను చెప్పదలచినది తరువాతి ముచ్చట. సిబ్బంది వివరాలు పోయిన 42 లక్షల మందికి మొదట ఒక కాంట్రాక్టు సంస్థ ద్వారా ఈ-మెయిళ్లు పంపారు. ఆ మెయిళ్లు అచ్చం మోసపు మెయిళ్లలాగే ఉండడంతో ఉద్యోగులు నమ్మలేదు. రక్షణ శాఖ కొన్నాళ్లు వాటిని ఆపించింది కూడా. రెండో విడతలో, అంటే ఆ 2 కోట్ల 15 లక్షల మందికి, తపాలా ఉత్తరాలే పంపారు. కొబ్బరి గారి అమ్మాయి పోలీసు ఫోను పెట్టేయడానికి, అక్కడి ఉద్యోగులు ప్రభుత్వ మెయిల్ తెరవకపోవడానికి కారణం ఒక్కటే. అసలు ప్రభుత్వమూ నకిలీ ప్రభుత్వమూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి.

లెక్కల_పద్దు
ఆ బాధితుల రక్షణ సేవలకు ఎంత ఖర్చయిందో మీకు గుర్తుందా?

టెక్సాస్_తెలుగు
మొదటి మూడేళ్లకు 13 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. దానిని తలసరి చేసి చూడండి.

లెక్కల_పద్దు
ఆరు డాలర్ల పైచిలుకు వస్తోంది. అంటే కంప్యూటరులో పెట్టినప్పుడు మిగిలిందనుకున్న ఖర్చు, కొన్నేళ్ల తరువాత మనిషికి ఆరు డాలర్ల బిల్లుగా తిరిగి వచ్చింది. ఆధునికీకరణ ప్రతిపాదనలో ఈ పద్దుకు గడి ఉండదు.

ట్యాంక్‌బండ్_కుర్రాడు
దొంగలు పడతారని కంప్యూటరు మానేద్దామా? పాత బీరువాలకు చెదలు పట్టలేదా? తడిసిన కట్ట కథ ఎస్‌బీ మాజీ గారే చెప్పారు.

టెక్సాస్_తెలుగు
మానేయమని నేను అనలేదు. ఇక్కడ ఎఫ్‌బీఐ నుంచి మన నేరచరిత్ర పత్రం తెప్పించుకోవాలంటే 18 డాలర్లు. ఆన్‌లైనులో పెట్టినా, తపాలాలో పెట్టినా అదే రుసుము. ఆన్‌లైనులో పెడితే త్వరగా వస్తుంది, కావాలంటే ఉత్తరంగా కూడా పంపుతారు. వేగం కావాలనేవారు ఒక దారిన, కాగితం కావాలనేవారు మరో దారిన వెళ్తారు.

చెట్టుకింద_ప్లీడరు
కొబ్బరి గారి నోటీసు విషయంలో చట్టం ఎలా ఉందో చెబుతాను, అది ఆయనకు నచ్చకపోవచ్చు. 2000 నాటి ఐటీ చట్టం 13వ సెక్షను ప్రకారం, గ్రహీత ఒక మెయిల్ చిరునామాను తనదిగా సూచించి ఉంటే, సందేశం ఆ పెట్టెలోకి చేరిన క్షణమే అందినట్టు లెక్క. మీరు చదివారా లేదా అన్నది ప్రశ్నే కాదు. మీ ఫారంలో మీరు సూచించింది నెట్ సెంటరు పెట్టెను. అంటే చట్టం దృష్టిలో మీకు నోటీసు మొదటిరోజే అందింది. గవర్నమెంటు ఉత్తరం ఖర్చు మిగుల్చుకోవడం కన్నా పెద్ద లాభం ఇదే. తపాలాలో అయితే కవరు తిరిగి వచ్చినప్పుడు ఎందుకు అందలేదో రాసి ఉండేది, మెయిల్‌కు అలాంటి గొడవ లేదు.

రెండో వైపు కూడా చూడండి. 1967 పాస్‌పోర్టు చట్టం 5వ సెక్షను ప్రకారం తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, మీరు అడిగితే, దేశ భద్రత వంటి మినహాయింపులు తప్ప, వాటి నకలు ఇవ్వాలి. 11వ సెక్షను కింద అప్పీలు ఉంది. మీది ఇంకా తిరస్కరణ దాకా రాలేదు. హాస్టలు చిరునామా ఆధారాలతో వివరణ ఇచ్చి, తిరిగి విచారణ జరపమని రాతపూర్వకంగా కోరండి.

రామచంద్రపురం_రైతు
నా కేసు కూడా విని చెప్పండి. గట్టు తగాదాలో నా మీద పెట్టిన కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయి ఆరేళ్లయింది. పాస్‌పోర్టుకు వెళ్తే కంప్యూటరులో ఇంకా పెండింగు అని చూపిస్తోంది. ఈ కంప్యూటరుకు అంత ఖర్చు పెట్టి, కోర్టు చెప్పిన మాట చేరవేయలేకపోతే ఎలా?

చెట్టుకింద_ప్లీడరు
రైతు గారూ, పోలీసు స్టేషన్ల కేసుల వివరాలను కలిపే సీసీటీఎన్ఎస్ అనే ఆ వ్యవస్థకు 2009లో 2,000 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చారు. స్టేషనులో ఎఫ్ఐఆర్ ఎక్కించడం బాగా అలవాటైంది, ఎందుకంటే అది లేకుండా కేసు నడవదు. కేసు ముగిసిన సంగతి ఎక్కించకపోతే ఎవరికీ పని ఆగదు, మీకు తప్ప. లోక్ అదాలత్ అవార్డు, అంటే రాజీ తీర్పు, సర్టిఫైడు కాపీ తీసుకుని స్టేషనులో ఒకటి, పాస్‌పోర్టు కార్యాలయంలో ఒకటి ఇవ్వండి. నిజంగా కేసు నడుస్తున్నవారికైతే 1993 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషను జీఎస్ఆర్ 570(ఇ) కింద కోర్టు అనుమతితో పాస్‌పోర్టు పొందే దారి ఉంది, మీకు అది అక్కర లేదు.

ఉద్యోగాల విచారణలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఉద్యోగంలో చేరేవారు తమ వివరాలు రాసిచ్చే అటెస్టేషను ఫారంలో కేసుల గడి వదిలేసినా, తప్పు రాసినా ఏమవుతుందో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. చిన్న కేసును దాచడం కన్నా చెప్పడమే మేలని నా క్లయింట్లకు చెబుతుంటాను, సగం మంది వినరు.

ట్యాంక్‌బండ్_కుర్రాడు
రైతు గారి కేసు చదివాక నా వాదన కొంత తగ్గించుకుంటున్నాను. నా పని మూడు రోజుల్లో అయిందంటే, నా గురించి వెతకడానికి ఏమీ లేకపోవడం, ఫోను ఎత్తడం, సొంత మెయిల్ ఉండడం, ఇంట్లోనే ఉండడం, ఈ నాలుగూ కలిసి వచ్చాయి. ఇందులో ఒకటి తప్పినా నేను కూడా కొబ్బరి గారితో పాటు బస్సెక్కవలసి వచ్చేది. అయినా లంచం తగ్గడాన్ని మాత్రం నేను చిన్న విషయంగా చూడలేను.

జగిత్యాల_గల్ఫ్
లంచం తగ్గిందని మీరంటున్నారు, ఏజెంటు ఫీజు పెరిగిందని నేనంటున్నాను. పైకం చేతులు మారింది, అంతే.

ట్యాంక్‌బండ్_కుర్రాడు
ఏజెంటు రసీదు ఇస్తాడా?

జగిత్యాల_గల్ఫ్
ఇవ్వడు. ఆ విషయంలో ఇద్దరూ ఒకటే.

పల్లెటూరి_పంతులమ్మ
మా బడిలో తల్లిదండ్రులకు సందేశాలు పంపేటప్పుడు ఒక పద్ధతి పాటిస్తాము. రెండు రోజుల్లో చూసిన గుర్తు రాకపోతే పిల్లవాడి చేతికి చీటీ ఇస్తాము. అందరికీ చీటీ ఇవ్వము, చూడనివారికే ఇస్తాము. పాస్‌పోర్టు లాగిన్‌లో నోటీసు తెరిచారో లేదో కంప్యూటరుకు తెలియదా? తెరవనివారికి మాత్రమే ఉత్తరం వేస్తే పద్దు గారి 55 రూపాయలు ఇంకా తక్కువమందిపై పడతాయి.

లెక్కల_పద్దు
ఈ చర్చలో వచ్చిన మాటల్లో నేను బడ్జెట్టు వేయగలిగినది ఇదొక్కటే.

తమాషా_తాత
ఉత్తరం బట్వాడా చేసేటప్పుడు పోస్టుమాన్ కూడా ముందు ఫోను చేస్తాడని, ఐదు రూపాయలు అదనంగా కడితే ఓటీపీ కూడా అడుగుతాడని ఎవరూ గుర్తు చేయకండి.

కోనసీమ_కొబ్బరి
నిన్న వెళ్లి వచ్చాము. ప్లీడరు గారు చెప్పినట్టు హాస్టలు వార్డెను ధ్రువపత్రం, కళాశాల బోనఫైడు, వివరణ ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లాము. కౌంటరులో ఉన్న ఆవిడ ఓపికగా చూసి, హైదరాబాదు చిరునామాకు తిరిగి విచారణ పంపుతామని చెప్పారు. నా ప్రతిపై స్వీకరణ ముద్ర వేయమంటే, ఇప్పుడు అన్నీ ఆన్‌లైనేనని, మెయిల్‌కు రసీదు వస్తుందని అన్నారు. ఏ మెయిల్‌కని అడిగాను. తెర చూసి చదివారు, నెట్ సెంటరుది. మార్చమని అక్కడికక్కడే కోరితే దానికి వేరే అర్జీ ఇమ్మన్నారు, ఇచ్చాము. ఆ అర్జీపై మాత్రం ముద్ర వేశారు.

ఎస్‌బీ_మాజీ
అమ్మాయితో చెప్పండి, ఈ పది రోజులు తెలియని నంబరైనా ఎత్తమని. అవతలివారు పాస్‌పోర్టు ఫైలు నంబరు తామే చెప్పగలిగితే అసలు పోలీసు కావచ్చు. డబ్బు గానీ, ఓటీపీ గానీ అడిగితే వెంటనే పెట్టేసి, స్టేషను ల్యాండు లైనుకు తనే చేయమనండి. హాస్టలు వాచ్‌మనుకు కూడా పేరు చెప్పి ఉంచండి. మేము మొదట అడిగేది ఎప్పుడూ వాచ్‌మనునే.